పటం చుట్టలో దాగిన నేరం

మన పాఠశాలలో చదివి సినిమా వైపు వెళ్లినవాళ్లు ఇంకా ఉండవచ్చు గాని, తీసిన సినిమాకు కావలసిన సరంజామా అంతా చేర్యాల చుట్టుపక్కలనే దొరికిన అదృష్టం బహుశా నాదే. అది ఒక హత్య చుట్టూ తిరిగే చిన్న సినిమా. గుడ్డ మీద వరుసగా వేసిన బొమ్మలు చూపుతూ పటం కథలు చెప్పే వృద్ధుడొకాయన దిగుడు బావిలో శవమై తేలుతాడు. ఆయన ఇంట్లో తరాలుగా ఉన్న పటం చుట్ట కనిపించకుండా పోతుంది. ఆ పటం ఎవరికి, ఎందుకు కావలసి వచ్చిందో తేల్చే పని కొత్తగా బదిలీపై వచ్చిన ఎస్సై మీద పడుతుంది. ఏ దేశపు చిత్రం చూసి తీశారని చాలామంది అడిగారు. మన పూర్వ విద్యార్థుల ఈ సంచిక చదివేవారికి జవాబు సగం ముందే తెలిసి ఉంటుంది.

మనం చదువుకునే రోజుల్లో చేర్యాల వరంగల్ జిల్లాలో ఉండేది; 2016లో సిద్దిపేట జిల్లాలో కలిసింది. ఈ పటాలు వేసే నకాషీ చిత్రకారుల ఇళ్ల ముందు నుంచి రోజూ బడికి నడిచిన వాళ్లమే అయినా, ఆ బొమ్మలు గోడకు తగిలించుకోవడానికి కాక కథ చెప్పడానికి పుట్టాయని మనలో చాలామందికి తెలిసింది మాత్రం తెలుగు సారు ఒక కూనపులి కథకుణ్ణి బడికి పిలిపించిన రోజునే. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేది కూనపులి వారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పేది కాకిపడగల వారు, గౌడులకు గౌడజెట్టి వారు, రజకులకు మడేలు పురాణం చెప్పే పటం వారు. ఆ రోజు ఆయన వినాయకుడి బొమ్మతో మొదలుపెట్టి, చేతికర్రతో ఒక్కొక్క గడినే చూపుతూ, పులి వాహనం గల భావనా ఋషి, అంటే పద్మశాలీల మూలపురుషుడి దగ్గరికి వచ్చేసరికి గొంతు మార్చి పులిలాగా గుర్రుమన్నాడు. ముందు వరుసలో కూర్చున్న చిన్న తరగతుల పిల్లలు వెనక్కి జరిగారు. అక్కడ ఉన్నది ఒక గుడ్డ, ఒక కర్ర, ఒక గొంతు, అంతే.

డబ్బు లేని సినిమాకు ఇంతకంటే మంచి పాఠం ఉండదు. మా దగ్గర ఉన్నది ఒక మామూలు కెమెరా, అద్దెకు తెచ్చిన మైకులు, కొన్ని ఎల్‌ఈడీ దీపాలు. హత్యను చూపించాలంటే రాత్రి పూట బావి దగ్గర వెలుతురు కావాలి, పోరాట దృశ్యాలు తెలిసిన మనుషులు కావాలి. ఆ రెండూ మాకు అందనివి. అందుకని హత్యను పటం మీదనే చూపించాం. ఎర్రని నేల మీద ఒక ముసలివాడు, ఇద్దరు మనుషులు, బావి మెట్లు. కర్ర ఒక్కొక్క బొమ్మ మీదికి జరుగుతుంటే వెనుక కథకుడి గొంతు వినిపిస్తుంది. చేర్యాల పటానికి ఎరుపే నేల కాబట్టి, నెత్తురు ప్రత్యేకంగా వేయవలసిన అవసరం కూడా రాలేదు. గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద, తుమ్మ జిగురు పట్టించి ఆరబెట్టడం దగ్గర నుంచి, చివర నల్లగీతతో కళ్లు దిద్దడం దాకా ఒక చిత్రకారుడి ఇంట్లో కూర్చుని చిత్రీకరించాం. ఆ కళ్లు దిద్దే క్షణమే మా సినిమాకు మొదటి షాట్ అయింది.

అయితే పటం నుంచి మాకు దొరికింది అందమొక్కటే కాదు, నేరానికి కారణం కూడా అక్కడే దొరికింది. ఈ కథకుల కుటుంబాలకు ఫలానా ఊళ్లు అని మిరాశీ, అంటే వంశపారంపర్య హక్కు, ఉంటుంది. ఆ ఊళ్లలో కథ చెప్పి త్యాగం, అంటే కథకుడికిచ్చే కానుక, అడిగే హక్కు ఆ ఇంటివారిదే. అన్నదమ్ములు వేరుపడితే పొలం పంచుకున్నట్లే ఊళ్లనూ పంచుకుంటారు. దాతల ముందు కథకుడి హక్కుకు పటమే సాక్ష్యం. బయటివాళ్లకు అది పాత గుడ్డ, కొనేవాళ్లకు పురాతన వస్తువు, ఆ ఇంటికి మాత్రం ఆస్తి దస్తావేజు. ఒకే వస్తువుకు ముగ్గురు మూడు విలువలు కడుతున్న చోట నేరానికి వేరే కారణం వెతుక్కోవలసిన పని లేదు. సెల్‌ఫోన్ సంభాషణల మీద, సీసీ కెమెరాల మీద నడిచే కథలు నాకు అంతగా పట్టవు. అందులో నేరస్థుడు దొరుకుతాడు గాని ఊరు దొరకదు.

విచారణ దృశ్యాల నడకను డోలు దరువుతో మల్లన్న కథలు చెప్పే ఒగ్గు కథ నుంచి తీసుకున్నాం. చుక్క సత్తయ్య గారి వంటి ఒగ్గు కథా మహానుభావులు పుట్టిన జనగామ ప్రాంతం మనకు పక్కనే గనుక ఆ డోలు చప్పుడు మన చెవులకు కొత్త కాదు. ప్రధాన కథకుడు ఒక మాట అంటాడు, పక్కవాడు దాన్ని అందుకుని అడ్డం తిప్పి అడుగుతాడు, నవ్విస్తాడు, ఆ నవ్వులోనే అసలు సంగతి బయటపడుతుంది. మా ఎస్సై, ఆయన వెంట ఉండే హెడ్ కానిస్టేబులు సరిగ్గా ఇలాగే మాట్లాడుకుంటారు. ప్రశ్నలు ఎస్సైవి, వంత హెడ్ కానిస్టేబులుది. నిందితులు నోరు జారేది ఎప్పుడూ వంత దగ్గరే. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉన్నట్లు, మా ప్రతినాయకుడి ప్రాణం భూమి వివరాలు రాసే పాత పహాణీలోని ఒక పేజీలో ఉంది. ఆ ఆలోచన నాది కాదు. రెవెన్యూ కార్యాలయాల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగిన మా మేనమామది.

కొమురవెల్లి మల్లన్న దగ్గర మహాశివరాత్రి రాత్రి వేసే పెద్దపట్నం అనే రంగుల ముగ్గు లేకుండా ఈ సినిమా పూర్తయ్యేది కాదు. ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకు పొడి వంటి రంగులతో గంటల తరబడి వంగి వేసిన ఆ ముగ్గును, పూజ ముగియగానే దేవుడు పూనే శివసత్తులు, భక్తులు తొక్కుతారు; తొక్కడమే అక్కడ పుణ్యం. హత్య జరిగిన చోట అడుగుజాడల కోసం వెతికే పోలీసు అధికారి ఆ పట్నం అంచున నిలబడితే ఏమనుకుంటాడన్న ఒక్క ప్రశ్న మీద మా పతాక సన్నివేశం ఆధారపడింది. జాతర జనంలో అసలు పట్నం మీద చిత్రీకరించడం మర్యాద కాదని, పూజారుల సలహాతో ఒక ఇంటి వాకిట్లో చిన్న పట్నం వేయించుకున్నాం.

పటంలో ఒక గడి మీద రంగు మళ్లీ పూసి ఉందనీ, దాని కింద నిజాం కాలపు హత్య ఒకటి దాగి ఉందనీ కథలో వస్తుంది. అది పూర్తిగా కల్పన. కాని కల్పన నమ్మదగినదిగా ఉండడానికి కారణం ఈ నేల. 1946 జూలై 4న కడవెండిలో తెలంగాణ రైతాంగ పోరాటపు తొలి అమరుడు దొడ్డి కొమురయ్య నేలకొరిగిన సంగతి, 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు జరిపిన మారణకాండ, పుస్తకాల్లో చదవకముందే మనం పాటల్లో విన్నాం. బైరాన్‌పల్లి బురుజు ఇప్పటికీ నిలిచి ఉంది. ఇక్కడ చంపబడ్డవాడి పేరు ముందు పాటలోకి ఎక్కుతుంది, కాగితం మీదికి తరువాత వస్తుంది. అందుకే మా సినిమాలో హంతకుడెవరో ప్రేక్షకుడికి సగంలోనే తెలిసిపోతుంది; ఊరికి తెలిసిన నిజం ఠాణా దాకా ఎలా నడిచి వెళ్తుందన్నదే మిగతా కథ. ఈ నిర్ణయం మా బృందంలో కొందరికి ఇప్పటికీ మింగుడు పడలేదు. ఉత్కంఠ పోయిందన్నారు. పులి ఎటు దూకుతుందో తెలిసి కూడా ఆ రోజు బడిలో పిల్లలు వెనక్కి జరిగారని నేను వాదించాను.

సినిమా కూర్పు ముగిశాక, కథకుడి పాత్రకు గొంతు ఇచ్చిన కూనపులి పెద్దాయనకు మొదట చూపించాం. చివర పాట లేకుండా, బావి నీళ్ల చప్పుడుతో ఆపేశాం. ఆయన లేచి నిలబడి, "కథ మంచిగనే చెప్పిన్రు బిడ్డా, మరి మంగళం ఏదీ? సచ్చినోని కథకు మంగళం పాడకుండ లేస్తరా ఎవరన్న?" అని అడిగారు. ఎడిటింగ్ చేసిన మిత్రుడు నీళ్ల చప్పుడే బాగుందని పట్టుబట్టాడు. సంగీతానికి మిగిలిన డబ్బు కూడా లేదు. "తాతా, మీరే పాడుతరా?" అని అడిగితే ఆ గదిలోనే, తాళం లేక స్టీలు గ్లాసు మీద వేలితో దరువేస్తూ పాడారు. పేర్లు పడుతున్నంతసేపూ వినిపించేది ఆ మంగళమే. గ్లాసు చప్పుడు తీసేయవద్దని ఈసారి పట్టుబట్టింది ఎడిటింగ్ మిత్రుడే.