పది బాత్‌ల పుల్ల, కావలి కుంపటి

నేను పనిచేసేది మా కావలి పక్కన తుమ్మలపెంట దగ్గర రొయ్యపిల్లల హేచరీలో. పోయిన నెల పనిమీద థాయిలాండ్ వెళ్లొచ్చాను. అక్కడి చెరువుల సంగతి ఇంకోసారి రాస్తా. నాకు ఇంకా నాలుక మీదే ఉన్నది, పుల్లకు గుచ్చి కాల్చిన మాంసం.

బ్యాంకాక్‌లో మేం దిగిన లాడ్జి సందు మొదట్లో ఒకామె తెల్లారి ఆరింటికే బొగ్గులు రాజేసేది. మనకు ఇడ్లీబండి ఎట్లనో వాళ్లకది అట్లా. ఆఫీసులకు పోయేవాళ్లు, బైకు టాక్సీవాళ్లు మూడేసి పుల్లలు, చిన్న కవర్లో అన్నం కొనుక్కుని పోతుంటారు. పుల్ల పది బాత్‌లు, మన డబ్బుల్లో పాతిక రూపాయల పైచిలుకు. 'మూ' అంటే పంది, 'గై' అంటే కోడి, 'పింగ్' అంటే నిప్పుల మీద కాల్చింది. మా ఇంట్లో పంది తినరు. రెండు రోజులు గై పింగ్‌తో సరిపెట్టుకున్నా. మూడోరోజు మూ పింగ్ తిన్నా. జనం దానికోసమే ఎందుకు నిలబడతారో అప్పుడు తెలిసింది. పలచగా కోసిన ముక్కల మధ్యన కొంచెం కొవ్వు గుచ్చుతారు. అది కరిగి కండంతా తడుపుతుంది. ఆమె కుంచెతో కొబ్బరిపాలు పూస్తూ, చెయ్యి ఆపకుండా తిప్పుతూనే ఉంటుంది. పాలచుక్క నిప్పుల మీద పడి లేచే ఆ పొగలోనే సగం రుచి ఉంది.

ముక్కలకు ఏం పట్టిస్తారో అక్కడి హేచరీ కుర్రాణ్ణి అడిగి రాసుకున్నా. కొత్తిమీర వేళ్లు, వెల్లుల్లి, తెల్లమిరియాలు కలిపి రోట్లో నూరిన ముద్ద. తాటిబెల్లం. ఇంక నామ్ ప్లా, అంటే నెత్తళ్లను ఉప్పులో నెలల తరబడి ఊరబెట్టి దించిన రసం. వింటుంటే నాకు మా ఊరే గుర్తొచ్చింది. నెత్తళ్లు మన ఒడ్డున ఇసకలో ఎండేవే, తాటిబెల్లం మన అంగళ్లలో దొరికేదే. కొత్తిమీర వేళ్లు మాత్రం కట్ట విప్పగానే కోసి పారేస్తాం. ఆకు వాసన నిప్పుల సెగకు నిలవదు, వేరుది నిలుస్తుంది. ఇన్నేళ్లూ ఎంత పారేశామో అనిపించింది.

వచ్చిన ఆదివారమే చేశా. కిలో కోడి తొడమాంసం ఎముక తీయించి, రాత్రంతా ఊరబెట్టా. వెదురుపుల్లలు మాడకుండా గంటసేపు నీళ్లలో వేశా. బొగ్గులు మా వీధి ఇస్త్రీబండి ఆయన ఇచ్చాడు. కుంపటి ఎర్రగా మండుతుండగానే పెట్టేశా, మొదటి నాలుగు పుల్లలూ పైన నల్లగా మాడి లోపల పచ్చిగా ఉండిపోయాయి. బెల్లం ఉంది గదా, మంట తగిలితే మాడుతుంది. బొగ్గుల మీద తెల్లటి బూడిద కమ్మేదాకా ఆగి, అప్పుడు పెడితే కుదిరింది. వీధి చివరిదాకా పోయింది వాసన.

మా అవ్వ పుల్ల నుంచి ముక్కలు లాగి పళ్లెంలో పెట్టుకుని ఒకటి నోట్లో వేసుకుంది. "తియ్యగుందేంది నాయనా, కోడికి బెల్లమేశావా?" అంది. ఈశాన్య థాయిలాండ్ వాళ్లు ఇట్లాంటి కాల్చిన మాంసానికి 'జేవ్' అనే పచ్చడి నంజుకుంటారు. చింతపండు పులుసు, దంచిన ఎండుమిరప, నామ్ ప్లా, చిన్న ఉల్లిపాయలు, దోరగా వేయించి కొట్టిన బియ్యప్పొడి. గబగబా అది కలిపి ఇచ్చా. ఇంక అవ్వ మాట్లాడలేదు, ఆరు పుల్లలు తినింది.

అన్నం దగ్గరే తేడా కొట్టింది. వాళ్లది బంకబియ్యం. అందులో అమైలోస్ అనే పిండిపదార్థం దాదాపు ఉండదు కాబట్టి మెతుకులు ఒకదానికొకటి అతుక్కుంటాయి. రాత్రి నానబెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు, చేత్తో ముద్ద చేసి మాంసంతో కలిపి తింటారు. మన నెల్లూరు సన్నబియ్యం మెతుకు మెతుకూ విడివిడిగా నిలబడుతుంది. పులుసు కలుపుకోవడానికి దాన్ని మించింది లేదు గానీ, ఈ పుల్లల పక్కన మాత్రం అతకలేదు.

మా దగ్గర పనిచేసే అస్సాం కుర్రాడితో ఈ మాటంటే, వాళ్ల ఊళ్లోనూ అట్లాంటి బియ్యం పండుతుందట, బొరా చావల్ అంటారట. మన సంక్రాంతి రోజుల్లోనే వాళ్లకు మాఘ బిహు, ఇంటికి పోతున్నాడు. తిరిగొచ్చేటప్పుడు రెండు కిలోలు తెస్తానన్నాడు. బొగ్గులు అప్పటికి మళ్లీ చెప్పి పెట్టా.