మిర్చి శాంపిల్‌కి జీసీ-ఎంఎస్ మెథడ్ సెట్ చేసిన కథ

గుంటూరులో ల్యాబ్ పెట్టుకుని మిర్చి మాకు చేతకాదంటే ఎవరూ గడప తొక్కరు. ఎక్స్‌పోర్టర్లు సరుకు బేరం తేలకముందే సంచిలో కాసిని కాయలు తెచ్చి, "పురుగుమందుల అవశేషాల రిపోర్ట్ ఎప్పుడిస్తారండీ?" అంటారు. మా దగ్గరున్నది సింగిల్ క్వాడ్రుపోల్ జీసీ-ఎంఎస్. అంటే ఓవెన్‌లోని సన్నటి గొట్టంలో (కాలమ్) మందుల్ని విడదీసి, విద్యుదావేశమున్న ముక్కలుగా (అయాన్లు) విరిచి, ఒక క్వాడ్రుపోల్ ఫిల్టర్‌తో బరువును బట్టి ఏరే యంత్రం. బియ్యానికి వాడే మెథడ్ అందులో ఉంది. మిర్చికి వేరే అక్విజిషన్ మెథడ్ (యంత్రం ఏ వేడిలో నడవాలో, ఏ అయాన్లను చూడాలో చెప్పే సెట్టింగులు) రాసే పని నాకు అప్పజెప్పారు.

"సిమ్ జోలికి ఇప్పుడే పోకమ్మా, ముందు స్కాన్‌లో ఒక్కో మందు ఎక్కడొస్తుందో చూడు" అన్నారు మా సీనియర్ మేడం. సిమ్ అంటే ఎంచుకున్న కొన్ని అయాన్లనే చూడటం, స్కాన్ అంటే ఒక శ్రేణిలోని అయాన్లన్నీ చూడటం. అంతకంటే ముందు ట్యూన్, అంటే తెలిసిన పదార్థంతో యంత్రాన్ని సరిచూసుకోవడం. ఆ పదార్థం ఇచ్చే 69, 219, 502 బరువుల పీకులు (గ్రాఫులో లేచే శిఖరాలు) నిటారుగా, సన్నగా ఉన్నాయా అన్నది అందరూ చూస్తారు. నేను 28 (నైట్రోజన్), 32 (ఆక్సిజన్) కూడా చూస్తాను. ఆ రెండూ దాదాపు నాలుగుకి ఒకటి లెక్కన లేస్తే ఎక్కడో గాలి లోపలికి వస్తున్నట్టే. అయాన్లు పుట్టే సోర్సు 230 డిగ్రీలు, క్వాడ్రుపోల్ 150, కాలమ్‌ని సోర్సుకి కలిపే ట్రాన్స్‌ఫర్ లైన్ 280. వీటిని కదపలేదు, అవసరమూ లేదు.

ఓవెన్‌కి చాలా ల్యాబుల్లో నడిచే పాత ప్రోగ్రామే తీసుకున్నాను. 70 డిగ్రీల దగ్గర 2 నిమిషాలు ఉండి, నిమిషానికి 25 చొప్పున 150కి, 3 చొప్పున 200కి, 8 చొప్పున 280కి ఎక్కి, అక్కడ 10 నిమిషాలు ఆగుతుంది. మొత్తం 42 నిమిషాలకు కొంచెం తక్కువ. ఓవెన్ చల్లారే సమయం కూడా కలిస్తే రోజుకి ఎక్కువ శాంపిల్స్ పడవు. అయినా దీన్ని కుదించలేదు. 150 నుంచి 200 దాకా నెమ్మదిగా ఎక్కే ఆ భాగంలోనే ఆర్గానోఫాస్ఫరస్ మందులు చాలావరకు విడివడేది. సాల్వెంట్ డిలే (సాల్వెంట్ దాటిపోయేదాకా డిటెక్టర్ ఆపి ఉంచే సమయం) మాత్రం చూసి పెట్టాలి. ఎక్కువ పెడితే ఫిలమెంట్‌కి (సోర్సులో వేడెక్కే తీగకి) మంచిదే గానీ, తొందరగా వచ్చే డైక్లోర్‌వాస్ అందులో కొట్టుకుపోతుంది.

స్కాన్ 50 నుంచి 550 దాకా నడిపాను. క్లోర్‌పైరిఫాస్, ప్రొఫెనోఫాస్, ఇథియాన్, బైఫెంత్రిన్, ఆ తర్వాత సైపర్‌మెత్రిన్ నాలుగు పీకులు, చివర్లో డెల్టామెత్రిన్. స్టాండర్డ్‌లో (తెలిసిన మోతాదు మందుల ద్రావణంలో) అంతా ముచ్చటగా ఉంది. మిర్చి ఎక్స్‌ట్రాక్ట్ (మిర్చి నుంచి తీసిన ద్రావణం) ఎక్కించాక అసలు సంగతి తెలిసింది. ఫ్యాటీ యాసిడ్లు పెద్ద గుట్టలా లేచాయి, ఘాటునిచ్చే క్యాప్సైసిన్ 137 దగ్గర తన వాటా తాను తీసుకుంది. వంద లోపు అయాన్లు దాదాపు పనికిరావు. క్లోర్‌పైరిఫాస్‌కి 97 పెద్ద అయానే, కానీ మిర్చిలో దాన్ని నమ్మలేం. అందుకే 314తో లెక్క కట్టి, 197, 199తో నిర్ధారించాలనుకున్నాను. ఇథియాన్‌కి 231, 153, 384.

సిమ్ పట్టికలో చాలామంది 197.0 అని గుండు అంకె వేసేస్తారు. క్లోరిన్లు ఎక్కువున్న ముక్కల అసలు ద్రవ్యరాశి పూర్ణాంకం కంటే కాస్త తక్కువ ఉంటుంది. 196.9, 313.9 అని స్కాన్‌లో కనిపించినట్టే వేస్తే సిగ్నల్ శిఖరం మీద కూర్చుంటాం. దీనికి పైసా ఖర్చు లేదు.

ఎక్కువ కాలం పట్టింది డ్వెల్ టైమ్ (ఒక్కో అయాన్‌ని చూసే సమయం) దగ్గర. క్వాడ్రుపోల్ ఒక క్షణంలో ఒక్క అయాన్‌నే చూస్తుంది. ముప్పై అయాన్లు ఒకే గ్రూపులో పెట్టి, ఒక్కోదానికి 50 మిల్లీసెకన్లు ఇస్తే ఒక చుట్టుకి సెకనున్నర. పీకు వెడల్పే అయిదు సెకన్లు! ఒకే ముహూర్తానికి పది పెళ్ళిళ్ళు ఒప్పుకున్న పంతులు వ్యవహారం అది, ఏ పీటల మీదా పూర్తిగా కూర్చోలేడు. మూడు నాలుగు చుక్కలు (కొలతలు) కలిపి గీసిన పీకుకి ఏరియా (మందు ఎంతుందో లెక్కగట్టేది దీంతోనే) ఏం నమ్ముతాం? గ్రూపులు విడగొట్టి, ఒక్కోదాంట్లో తొమ్మిది పది అయాన్లు, ఒక్కోదానికి 30 మిల్లీసెకన్లు పెట్టాను. సెకనుకి మూడు చుట్లు వచ్చాయి, పీకుకి పదిహేను దాకా చుక్కలు. డ్వెల్ తగ్గితే నాయిస్ పెరుగుతుందన్నది నిజమే. కానీ చుక్కలు చాలకపోతే ఒకే శాంపిల్‌ని రెండుసార్లు ఎక్కించినా ఏరియా కలవదు.

తర్వాత బ్లాంక్, అంటే మందు లేని మిర్చి, దొరకడం. మిర్చి ఎక్స్‌ట్రాక్ట్‌లో మందు, ఉత్త సాల్వెంట్‌లో కంటే పెద్ద పీకు ఇస్తుంది. లైనర్‌లో (శాంపిల్ ఆవిరయ్యే గాజు గొట్టంలో) మందు అతుక్కునే చోట్లను మిర్చి సరుకే ముందు ఆక్రమిస్తుంది కాబట్టి. అందుకని స్టాండర్డ్ కూడా మందు లేని మిర్చి ఎక్స్‌ట్రాక్ట్‌లోనే తయారుచేయాలి. 2021లో నల్ల తామర పురుగు విరుచుకుపడ్డాక ఇక్కడి రైతులు ఏమేం కొట్టారో తెలిసినవాళ్లకి, ఆ మందు లేని మిర్చి దొరకడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. చివరికి పెరట్లో సొంతానికి వేసుకున్న కాయలే దిక్కయ్యాయి.

రెండు గ్రాముల కారంలో నీళ్లు పోసి నానబెట్టి, అసిటోనైట్రైల్‌తో తీసి, పీఎస్ఏ, సీ18 అనే పొడులతో శుభ్రం చేసి, ఇథైల్ ఎసిటేట్‌లోకి మార్చి ఎక్కిస్తాం. ఎరుపు పోవాలంటే గ్రాఫైట్ కార్బన్ కొద్దిగా వేయాలి, ఎక్కువైతే క్లోరోథలోనిల్ లాంటి మందుల్ని కూడా అదే మింగేస్తుంది. యూరోపియన్ యూనియన్ సాంటే మార్గదర్శకాల ప్రకారం రికవరీ (కలిపిన మందులో తిరిగి దొరికే వాటా) 70 నుంచి 120 శాతం, అయాన్ల నిష్పత్తి 30 శాతం అటూ ఇటూ, రిటెన్షన్ టైమ్ (మందు కాలమ్ నుంచి బయటికొచ్చే సమయం) తేడా 0.1 నిమిషం లోపు ఉండాలి. మా జాబితాలో చాలా మందులు కిలోకి 0.05 మిల్లీగ్రాముల దగ్గర నిలబడ్డాయి. ప్రత్యేక పరిమితి లేని మందులకు యూరప్ అడిగే 0.01 దగ్గర పైరెత్రాయిడ్లు (బైఫెంత్రిన్, సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటివి) నిలబడలేదు. వాటిని ఇంకా సున్నితమైన ట్రిపుల్ క్వాడ్ యంత్రం ఉన్న ల్యాబుకి పంపుతున్నాం. రిపోర్టులోనూ ఆ మాట రాస్తాం. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి ఎటూ ఎల్‌సీ (లిక్విడ్ క్రొమటోగ్రఫీ) మీదే చేయాలి.

మిర్చి నడిస్తే కాలమ్ ముందు భాగం తొందరగా పాడవుతుంది, కొంత కోసేయాల్సి వస్తుంది. కోసిన ప్రతిసారీ పీకులన్నీ ముందుకి జరుగుతాయి. అందుకే గ్రూపుల సరిహద్దుల్ని పీకుల మధ్య బాగా ఖాళీ ఉన్నచోటే పెట్టాను. కోశాక క్లోర్‌పైరిఫాస్ మిథైల్ స్టాండర్డ్ ఒకటి ఎక్కించి, దాని టైమ్ పాతదానికి సరిపోయేలా కాలమ్ ప్రెజర్ సర్దాకే శాంపిల్స్ పెడుతున్నాం.