పసుపు నిలవని గోడ

నరసాపురం రేవులో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లిలో దిగాం. అక్కడినుంచి రాజోలు, పి.గన్నవరం మీదుగా అంబాజీపేట వైపు. బస్సు కిక్కిరిసి ఉంది, దారి గురించి చెప్పడానికి అంతకంటే ఏమీ లేదు. మేం వెళ్ళింది ఒక పెద్దాయన ఇంటి గోడలు చూడటానికి.

వయసులో ఉన్నప్పుడు కొబ్బరి దింపు తీసేవాడాయన. బొమ్మలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నలుపుకి కొబ్బరిచిప్ప బొగ్గు, ఊదాకి బచ్చలి పళ్ళు, ఆకుపచ్చకి చిక్కుడాకు పసరు. అంటుకోవడానికి నానబెట్టిన తుమ్మజిగురు. కొబ్బరి మట్ట ముక్కని రాయితో నలగ్గొట్టి పీచు తేలిస్తే అదే కుంచె.

"మరి ఎరుపో?" అని అడిగితే పసుపు ముద్దలో చిటికెడు సున్నం వేసి వేలితో మెదిపాడు. చూస్తుండగానే పారాణి! ఇది మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. అసలు తిప్పలు వేరే ఉన్నాయి. కొత్తగా సున్నం కొట్టిన గోడమీద ఉత్త పసుపు పెట్టినా ఎర్రబడిపోతుంది. "సూరీడిని పచ్చగా ఏద్దామంటే కుంకంబొట్టై కూచునేవాడండీ బాబూ" అన్నాడు. అందుకని పసుపు కావలసిన చోట సున్నం గీకేసి, మట్టీ పేడా కలిపి మెత్తి, ఆరాక వేస్తాడు. పసుపులోని కర్కుమిన్‌కి క్షారం తగిలితే ఇలాగే అవుతుందని మా స్నేహితుడు వివరించబోయాడు గానీ, పెద్దాయన అప్పటికే శంఖుపూలు నానేసిన గిన్నె దగ్గరున్నాడు. నిమ్మచుక్క పిండితే ఆ నీలం ఊదాకి తిరిగింది.

పెద్ద గోడంతా ప్రభల తీర్థం. కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రులు, అంటే పదకొండు ఊళ్ళ శివుళ్ళు, ప్రభలమీద వచ్చి కలిసే సంబరం. ప్రభంటే వెదురుతో కట్టి రంగుబట్టలతో అలంకరించి, జనం భుజాలమీద మోసే ఎత్తైన కట్టడం. గంగలకుర్రు ఊరి ప్రభ కౌశిక కాలువలో దిగి నీళ్ళలోంచి వచ్చే ఘట్టం వేశాడు. దేవుళ్ళు మామూలుగానే ఉన్నారు, నిజం చెప్పాలంటే. మోసేవాళ్ళనే చూడాలి. మొహాలు లేవు, ఒక పక్కకి కుంగిన భుజాలు మాత్రమే. వాటిలో బరువు తెలుస్తోంది. జీవితమంతా గెలలు దింపినవాడికి భుజం సంగతి వేరేవాళ్ళు చెప్పాలా!

ఎండకి పసుపు వెలిసిపోతుంది, వానకి మట్టి జారిపోతుంది. మనవడు టెన్షన్ పడి రంగు డబ్బాలు కొనిచ్చాడట. పెద్దాయన వాటితో గేటుకి వేసుకున్నాడు.

వెళ్ళేవాళ్ళు సంక్రాంతి ముందు వెళ్ళండి, గోడలు అప్పుడే కొత్తగా వేస్తాడు. వర్షాకాలంలో అయితే మరకలే.