ఫోన్‌లో వినిపించిన రోలు చప్పుడు

శ్రీకాళహస్తి దగ్గర ఒక యానాది గిరిజనుల కాలనీలో, మూలికల గురించి పెద్దలకు తెలిసినదంతా నమోదు చేయాలని నేను పీహెచ్‌డీ మొదలుపెట్టిన కొద్ది నెలలకే, 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ వచ్చింది. ఆన్‌లైన్‌లో సర్వే చేయమని తోటివారు సలహా ఇచ్చారు గానీ, కాలనీ మొత్తానికి ఉన్న స్మార్ట్‌ఫోన్లు రెండే. పదో తరగతి చదివే ఒక అమ్మాయి రోజూ సాయంత్రం స్పీకర్ పెట్టి ఫోన్‌ను వాళ్ల అవ్వ పక్కన ఉంచేది. మొదటి రోజే అవ్వ, “మందుల సంగతి తర్వాత నాయనా, ముందు బియ్యం ఎప్పుడిస్తారో కనుక్కో” అన్నారు. ఆ మాట విన్నాక నా ప్రశ్నావళిని పక్కన పెట్టేశాను. రేషన్ కార్డు లేని కుటుంబాల వివరాలు రాసుకుని, తిరుపతి నుంచి అధికారులకు ఫోన్లు చేయడంలోనే మూడు వారాలు గడిచాయి. పరిశోధకుడిగా నేను చేసిన సరైన పని అదేనని ఇప్పటికీ నమ్ముతున్నాను.

వేలిముద్ర తీసుకునే వీలు లేక, పరిశోధనకు కాలనీ పెద్దల అంగీకారాన్ని వాళ్ల గొంతులోనే రికార్డు చేసుకున్నాను. ఆ తర్వాత ఒక సాయంత్రం అవ్వ తనంతట తానే నల్లేరు తీగ గురించి మొదలుపెట్టారు. లేత కణుపులే తుంచాలని, చేతులకు నూనె రాసుకోకపోతే దురద పెడుతుందని చెబుతూ రోట్లో నూరసాగారు. ఆ చప్పుడు ఆగేదాకా నేను మాట్లాడలేదు.