మా వంటింట్లోకి సర్వపిండి

కొత్త వంటకాన్ని ఎంచుకునేటప్పుడు ఇంట్లో ఉన్న సరుకులతోనే అయ్యేదానివైపు మొగ్గడం మంచిదని నా అభిప్రాయం. గుంటూరు వంటలకు అలవాటుపడిన మా ఇంట్లో తెలంగాణ సర్వపిండి అలాగే స్థిరపడింది. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, నువ్వులు, కారం, ఉప్పు, కరివేపాకు వేసి, నీళ్లు కొద్దికొద్దిగా చల్లుతూ కలిపి, నూనె రాసిన మందపాటి గిన్నెలో పలుచగా అద్ది, వేలితో చిల్లులు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నని సెగమీద కాల్చాలి. ఆ చిల్లులు అందం కోసం కాదు. నూనె అడుగుకు చేరి సర్వపిండి కరకరలాడేది వాటివల్లనే. గిన్నె చల్లారితే గాని రెండో వాయి అద్దలేము కనుక, రెండు గిన్నెలుంటే పని త్వరగా తెములుతుంది. (మావాళ్లు దీనికీ ఆవకాయే అడుగుతారు, అది వేరే సంగతి.) సొరకాయ తురుము కలిపి చేసేటప్పుడు మాత్రం, ఆ తురుములోని తడి చూసుకున్నాకే నీళ్లు చల్లాలి.