చెన్నై ఎండలో వీణ నేర్చుకునేవాళ్లకి

నలభై దాటాక వీణ పట్టినవాళ్లు అపస్వరం పలికితే ముందు తమ చేతిని అనుమానిస్తారు. మైనాన్ని చూడండి. తీగని నొక్కి స్వరం పలికించే అడ్డపట్టీలు, అంటే 24 మెట్లూ, తేనెమైనంలో బొగ్గుపొడి కలిపిన గట్టు మీదే నిలుస్తాయి. మే ఎండకి అది మెత్తబడి మెట్టు కదులుతుంది. శ్రుతి చేశాక సారణి (మొదటి తీగ) మీద 12వ మెట్టు తారషడ్జమం (పై స్థాయి స) పలకాలి. పలకలేదా, వీణలు చేసేవాళ్లకి చూపించండి, సొంత వైద్యం వద్దు. వీణని కారు డిక్కీలో అసలు పెట్టకండి.

వాయించే నాలుగు తీగల శ్రుతి ఇది: సారణి షడ్జమం (స), పక్కది మంద్ర (కింది స్థాయి) పంచమం (ప), తర్వాత మంద్ర షడ్జమం, చివరిది అనుమంద్ర (ఇంకా కింది స్థాయి) పంచమం. తీగ బిగించే బిరడని లోపలికి నొక్కుతూ తిప్పాలి, లేకపోతే జారుతుంది. ఎడమ చూపుడు, మధ్య వేళ్లకి చుక్క కొబ్బరినూనె రాస్తే తీగ మీద సాఫీగా నడుస్తాయి. మాయామాళవగౌళ రాగంలో సరళీవరుసలు (తొలి స్వర పాఠాలు) మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, కుదిరేదాకా గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) జోలికి పోవద్దు. పెద్దవాళ్లకి ఆ తొందరే ఎక్కువ.