అమ్మకు ఉప్పు తినమన్నారు

ఈ రోజు అమ్మ పెరుగన్నంలో ఆవకాయ నంజుకుని తింటోంది, డాక్టరు చెప్పి మరీ. బీపీ మనిషికి ఉప్పు తినమనడమేంటని నేనూ రెండుసార్లు అడిగాను.

ఆరు నెలలుగా ఉన్నట్టుండి గుండె దడ, తలపోటు, జాకెట్టు తడిసిపోయేంత చెమట. విశాఖ ఉక్కపోతలే అని తేలిగ్గా తీసుకున్నాం. దడకి ఒకచోట ప్రొప్రనొలాల్ అనే మాత్ర రాశారు. ఆ రెండో రాత్రి ఎంవీపీ కాలనీలో మా ఇంట్లో బీపీ మిషన్ 220/130 చూపించింది. పాడైందేమోనని నా చేతికి కట్టుకుని చూశాను. 118/76.

24 గంటల మూత్రం డబ్బాలో పట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని ల్యాబ్‌కి తీసుకెళ్లాను. తర్వాత స్కాన్. కిడ్నీ పైనుండే అడ్రినల్ గ్రంథిలో గడ్డ. పేరు ఫియోక్రోమోసైటోమా.

ఆ గడ్డ అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్ అనే హార్మోన్లు వదులుతుందట. అవి వచ్చి అతుక్కునే చోట్లే రిసెప్టర్లు. వాటిలో రక్తనాళాలను బిగించేవి ఆల్ఫా, కొన్ని నాళాలను వదులు చేసేవి బీటా. ప్రొప్రనొలాల్ లాంటి బీటా బ్లాకర్‌తో ముందే బీటాను మూసేస్తే బిగింపుకి అడ్డుండదు, బీపీ ఎగబాకుతుంది. అందుకే మొదట ఆల్ఫా బ్లాకర్, అది పట్టుకున్నాక అవసరమైతే బీటా. ప్రొప్రనొలాల్ చెడ్డది కాదు, నాన్న గుండెకి అదే రకం వాడుతున్నారు. ఇక్కడ వరస తప్పింది, అంతే.

ఇప్పుడు ప్రజోసిన్ అనే ఆల్ఫా బ్లాకర్. నాళాలు వదులయ్యేకొద్దీ లోపల రక్తం చాలదని ఉప్పు, నీళ్లు బాగా తీసుకోమన్నారు. రెండు వారాల్లో ఆపరేషన్. లేవగానే కళ్లు తిరుగుతాయి, కాసేపు మంచం మీదే కూర్చుని లేవండి అన్నారు. ఆవిడ వింటేగా, పాలవాడి గంట వినగానే గుమ్మంలో ఉంటుంది.